చేతిలోని ఆటలు, చేయవలసిన ఆటలు

సెల్‌ఫోను ఆటలకును యాప్‌లకును మన దేశమున గొప్ప భవిష్యత్తు కలదని పత్రికలయందును సభలయందును తరచుగా వినవచ్చుచున్న మాట సత్యమే యైనను, ఆ భవిష్యత్తును డౌన్‌లోడుల లెక్కతో కొలుచుట నాకు సమ్మతము కాదు. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమైన పిదప డేటా ధర ఒక్కుమ్మడిగా పడిపోయి, పట్టణము పల్లె యను భేదము లేక చౌక ఫోనులు ఇంటింటికిని చేరి, ఆటల డౌన్‌లోడులలో భారతదేశము ప్రపంచమున అగ్రశ్రేణిని నిలిచినది; కాని యా ఆటల వలన పుట్టు ఆదాయమున మన పాలు అత్యల్పము. మనవారు ఉచితముగా ఆడుదురు, లెవెలుకు లెవెలుకు నడుమ యాడ్ చూతురు. ఆ యాడ్ వలన నిర్మాతకు చేరునది అమెరికాలోని ఆటగాడు చూచినప్పుడు చేరుదానిలో కొద్ది భాగము మాత్రమే. ఎవరైన ఆటలోపల నాలుగు రూపాయలు వెచ్చించిరా, అందు 30 శాతము, చిన్న సంస్థలకైనచో 15 శాతము, గూగుల్, యాపిల్ సంస్థల దుకాణములకు కమీషనుగా పోవు పద్ధతి ఏండ్లుగా స్థిరపడినది. ఆడెడి జనము పెరుగుటయే అభివృద్ధి యనుకొన్నచో, ఆ వృద్ధి ఫలమును ఇతరులు కోసికొనుచున్నారని కూడ ఒప్పుకొనవలెను.

ఈ లోటును కొన్నేండ్లపాటు కప్పిపుచ్చినవి డబ్బు పందెపు ఆటలు. రమ్మీ, పోకరు, ఫాంటసీ క్రికెట్టుల సంస్థలకు వచ్చిపడిన పెట్టుబడిని చూచి, ఆటల పరిశ్రమ యనిన నదియే యని పలువురు భ్రమించిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ గేమింగు చట్టములను సవరించి వానిని నిషేధించినవి. 2023 అక్టోబరు 1 నుండి ఆటగాడు కట్టిన పూర్తి మొత్తముపై కేంద్రము 28 శాతము జీఎస్టీ విధించినది. తుదకు 2025 ఆగస్టున పార్లమెంటు చట్టము చేసి, నేర్పు ఆటయా అదృష్టపు ఆటయా యను వాదముతో నిమిత్తము లేక ఆన్‌లైను పందెపు ఆటల నన్నిటిని నిషేధించి, ఈ-స్పోర్ట్సును, పందెము లేని ఆటలను ప్రోత్సహింప దలచితినని ప్రకటించినది. ఆ సంస్థలలో కొలువులు పోయిన యువకుల కష్టము నాకు బాధాకరమే. అయినను, జీతపు సొమ్మును రాత్రికి రాత్రి రమ్మీలో పోగొట్టుకొని, లోను యాప్‌ల అప్పులలో కూరుకొనిన కుటుంబముల వేదన యెరిగిన రాష్ట్రములలో నివసించుచు, ఆ చట్టము అన్యాయమని నేను వ్రాయజాలను.

నిజమైన వృద్ధి యెట్లుండునో చూడదలచినవారు ఫిన్లండు దేశమును చూడవలెను. 55 లక్షలకు కొంచె మెక్కువ జనాభా గల ఆ చలిదేశమున, 1997లో నోకియా సంస్థ తన 6110 ఫోనులో ఉంచిన పాము ఆటతో ఈ విద్యకు బీజము పడినది. అచటి రోవియో సంస్థ 2009 డిసెంబరులో యాంగ్రీ బర్డ్స్‌ను వెలువరించుటకు ముందు 51 ఆటలు చేసినదనియు, అప్పటికి దివాలా యంచున నిలిచి యుండెననియు ప్రసిద్ధి. ఆ దేశముననే పుట్టిన సూపర్‌సెల్ 2012లో క్లాష్ ఆఫ్ క్లాన్స్‌ను విడుదల చేసి, నాలుగేండ్లు తిరుగునప్పటికి, చైనాకు చెందిన టెన్సెంట్ నాయకత్వమున నున్న కూటమి తనలో 84.3 శాతము వాటాను 860 కోట్ల డాలర్లకు కొనునంతటి స్థాయికి ఎదిగినది. ఇది దైవికముగా జరిగిన పని కాదు. నోకియా తీర్చిదిద్దిన ఇంజనీర్లు, 1992 నుండి అసెంబ్లీ యను పేర జరుగు కంప్యూటరు మేళాలలో రాత్రింబవళ్లు ప్రోగ్రాములు వ్రాసి పోటీపడిన కుర్రవాండ్రు, ఆటల సంస్థలకును సహాయధనమును అప్పును ఇచ్చుటకు సంకోచింపని టెకెస్ అను ప్రభుత్వ సంస్థ, ఈ మువ్వురి శ్రమ అందు కలిసినది. పదునైదేండ్లు ఓర్చిన దేశమునకు పంట దక్కినది.

2011 జనగణన నాటికే ఎనిమిదిన్నర కోట్ల జనాభాకు చేరువైన తెలుగునాట ఇట్టి సామగ్రి లేదా? ఛోటా భీమ్ బొమ్మలకు ప్రాణము పోసినది హైదరాబాదే. 'ఈగ' చిత్రమునకు గ్రాఫిక్సు చేసిన మకుట సంస్థ ఇచటిదే. దేశములోని ఆటల నిర్మాతల మహాసభలు పలుమార్లు ఈ నగరముననే జరిగినవి. అయినను మన ఆర్టిస్టులలో అనేకులు విదేశీయ సంస్థలు కోరిన కత్తులను, కోటలను, రథములను గీచి యిచ్చి, ఆట పేరున తమ పేరు కానరాక, కూలి పుచ్చుకొని తృప్తిపడుచున్నారు. చేయి మనది, యోచన వారిది. ఆట యొక్క విలువ యంతయు ఆ యోచనయందే యున్నది గదా!

మన సంప్రదాయమున యోచనకు కొదువ యున్నదని నేను నమ్మను. గుడిమండపముల బండలపై చెక్కియున్న పులిజూదపు గీతలను చూడుడు: మూడు పులులు, పదునైదు మేకలు, పులి దుమికి మేకను చంపును, మేక పులిని చంపలేదు, కలిసికట్టుగా చుట్టుముట్టి కదలనీయకుండ చేయగలదు. బలములు సమానముగా లేని రెండు పక్షములకు గెలుపు అవకాశమును సమకూర్చుట ఈనాటి గేమ్ డిజైనర్లను సయితము వేధించు సమస్య. దానిని గవ్వలు, గులకరాళ్లతో మన పూర్వులు సాధించిరి. పచ్చీసు నుండి పుట్టిన లూడోకు 1896లో ఇంగ్లండున పేటెంటు లభింపగా, 2016లో మన దేశమున వెలసిన లూడో కింగ్, 2020 నాటి లాక్‌డౌనులో ఊరికొకరుగా చిక్కుపడిన కుటుంబములను ఒక్క పలకచుట్టు చేర్చి, కోట్లాది ఫోనులకు ఎక్కినది. అయితే ఎవరిదో పరుగు పందెపు ఆటను తెచ్చి, పరుగెత్తువానికి కిరీటము పెట్టి పౌరాణికమనుట వలన ప్రయోజనము లేదు. ఆట తెలిసినవారు డౌన్‌లోడు నాటి సంఖ్యను కాక, మరునాడు, ఏడవనాడు, ముప్పదవనాడు ఎందరు తిరిగి వచ్చిరో లెక్కింతురు; కిరీటమును చూచుటకు ముప్పదవనాడు ఎవ్వడును రాడు.

భాష విషయమై ఒక మాట. ఆటలు నిర్మించు యూనిటీ వంటి సాధనములలో చిరకాలముగా తెలుగు అక్షరములు సరిగా కూడక, ఒత్తులు ఒకచోట, గుణింతములు వేరొకచోట విడివడి పడుచుండుట చేత, చిన్న నిర్మాతలు ప్రతి వాక్యమును బొమ్మగా గీచి అతికింపవలసి వచ్చి, విసిగి, ఆంగ్లమునకే మరలుచున్నారు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఇంగ్లీషులోని ఆజ్ఞలను ఊహించుకొనుచు ఆడుటకు మూలము ఇట్టి చిన్న సాంకేతిక లోపము. దీనిని సవరించుటకు మన విశ్వవిద్యాలయములు ఒక చిన్న బృందమును నియమించి, ఫలితమును అందరికి ఉచితముగా పంచియిచ్చిన చాలును.

ప్రభుత్వములను నేను కోరునది భవనములు కాదు. నలుగురైదుగురు చేరి ప్రారంభించిన సంస్థకు మొదటి ఆట విఫలమైన పిమ్మట రెండవ ఆటకు, అదియు విఫలమైనచో మూడవ ఆటకు, ఆస్తి తాకట్టు లేని స్వల్ప ఋణము కావలెను. యూపీఐ వచ్చిన పిదప పది రూపాయలు చెల్లించుట తేనీటి దుకాణమున సయితము సులభమైనది. పది రూపాయల తెలుగు ఆటను కొనగల జనము మనకు కలరు. ఆ ఆటను చేయదగిన వానిని మూడు, నాలుగేండ్లపాటు పోషింపగల నిధికి రాబోవు బడ్జెటులో ఒక పద్దును ఉభయ రాష్ట్రముల ఆర్థికమంత్రులు కేటాయింపవలెను.