రక్తపరీక్షకు అందని జబ్బు

హైదరాబాద్ శివారులోని జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ బస్తీల్లో 50 ఏళ్ళ ఆడమనిషి కడుపు ఎత్తుగా కనిపిస్తే ఒళ్ళొచ్చిందనో, గ్యాస్ అనో అనుకుంటారు. నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోతోందని, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని ఆమె మొరపెట్టుకున్నా, రక్తపరీక్షలో లివర్ బాగానే ఉందని వస్తుంది. అది అబద్ధమేమీ కాదు. పాలీసిస్టిక్ లివర్ జబ్బులో కాలేయం నిండా నీటి తిత్తులు పెరుగుతాయి గానీ, వాటి మధ్య మిగిలిన భాగం తన పని తాను చేస్తూనే ఉంటుంది. కిలోన్నర ఉండాల్సిన కాలేయం కొందరిలో 10 కిలోలు దాటినా బిలిరుబిన్ పెరగదు.

తిత్తులున్న వాళ్ళలో చాలామందికి ఏ బాధా ఉండదు, వైద్యమూ అక్కర్లేదు. పెద్ద తిత్తి ఒకటో రెండో అయితే సూదితో నీరు తీస్తారు. కాలేయమంతా చిన్నచిన్న తిత్తులతో కిక్కిరిసిపోయినప్పుడు మాత్రం పూర్తిగా నయం చేసేది కాలేయ మార్పిడి ఒక్కటే. ఆమె కష్టం అక్కడే మొదలవుతుంది. ఎవరికి ముందు అవసరమో తూచే మెల్డ్ స్కోరు బిలిరుబిన్, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరు చూసి చావు ఎంత దగ్గరో చెబుతుంది. తిండి సహించక కండ కరిగి, పెద్ద పొట్ట మోస్తూ మెట్లెక్కలేని మనిషి బాధ ఆ అంకెలోకి రాదు. అందుకే అమెరికాలో ఈ జబ్బు ముదిరినవారికి విడిగా పాయింట్లు కలిపే ఏర్పాటు ఉంది.

2013లో మొదలైన మన అవయవదాన పథకం జీవన్‌దాన్ కూడా కాలేయం పరిమాణాన్నీ, కండ క్షీణతనూ లెక్కలోకి తీసుకోవాలని నా పట్టు. ఆ నియమం తెలుగులోనూ ఉర్దూలోనూ రోగి చేతికి అందాలి. రేపోమాపో ప్రాణం పోయేలా ఉన్నవారిని పక్కన పెట్టమనడం లేదు. కానీ ఈమెను చిక్కి శల్యమయ్యేదాకా ఆపితే అంత పెద్ద ఆపరేషన్‌ను ఒళ్ళు తట్టుకోదు. వేళకు చేస్తే ఫలితాలు చాలా మంచివి. యూరప్ అనుభవంలో ఐదేళ్ళ తరువాత 10 మందిలో 8 మందికి పైగా బతికే ఉన్నారు. డబ్బు లేదని జల్‌పల్లి మనిషి ముందే వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కింద ఉస్మానియా ఆసుపత్రిలో ఉచితంగా కాలేయ మార్పిడులు జరిగాయి.

ఇంట్లోవాళ్ళే కాలేయంలో ముక్క ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు. అయితే ఇది వంశపారంపర్యపు జబ్బు, ఎక్కువగా కిడ్నీ తిత్తులతో కలిసి వస్తుంది. తల్లికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇస్తానని ముందుకొచ్చిన కూతురికి ముందు స్కానింగ్ చేయాలి. కిడ్నీలూ పాడైన తల్లికి రెండు అవయవాలూ ఒకేసారి కావాలి, అప్పుడు ఇంటి మనుషుల దానం ఒక్కటే సరిపోవడం కష్టం. బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబాలు ఒప్పుకోవడం మీదే ఆమె ఆశంతా.

ఆడవాళ్ళకే ఇది ఎక్కువగా ముదురుతుంది. ఈస్ట్రోజెన్ తిత్తులను పెంచుతుంది. ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలో ఈస్ట్రోజెన్ ఉంది. ఆ మాత్రలు చేతిలో పెట్టేముందు, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలోనో లివర్‌లోనో తిత్తులున్నాయా అని ఆశా కార్యకర్త అడగాలి. ఉన్నాయంటే ఆ అమ్మాయిని స్కానింగ్‌కు పంపాలి, మాత్రకు బదులు కాపర్-టీ గురించి చెప్పాలి.