ఆరువేల బాకీ

మన సంఘములలో ఒక మాట తరచుగా వినబడుచున్నది. ప్రభుత్వము గర్భిణీ స్త్రీలకు డబ్బిచ్చి చెడగొట్టుచున్నదట! ఊరకే వచ్చు సొమ్ము మనుష్యుని సోమరిని చేయునట! వర్నిలో వరి కోతలు ముగిసిన పిమ్మట అరుగు మీద తీరికగా కూర్చుండి ఈ మాట పలుకువారిని నేనెరుగుదును. వారిలో ఉద్యోగము చేయు కుమార్తెలు గలవారును ఉన్నారు. ఈ మాట అబద్ధము. ఏలయనగా వినుడి.

2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టమును చేసినది. సర్కారు ఉద్యోగమందుండి, లేక వేరొక చట్టము క్రింద అట్టి సౌకర్యము పొందువారు తప్ప, ప్రతి గర్భిణికిని బాలింతకును ఆరువేల రూపాయలకు తక్కువ కాకుండ ప్రసూతి సాయము చెల్లవలెనని దాని నాల్గవ సెక్షను చెప్పుచున్నది. 'ప్రతి' అనియే యున్నది, చూడుడి. 2017లో కేంద్ర ప్రభుత్వము మాతృవందన పథకమును తెచ్చి ఆ ఆరువేలను అయిదువేలు చేసినది. 'ప్రతి' యనుదానిని మొదటి కాన్పునకు కుదించినది. ఆసుపత్రి కాన్పుకు వేరుగా ఇచ్చు సొమ్ము కలిపినచో సగటున ఆరువేలగునని సమాధానము చెప్పిరి. చట్టము సగటును అడుగలేదు గదా! 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్లయైనచో ఆరువేలిచ్చుటకు ఏర్పాటు చేసిరి. రెండవసారి మగబిడ్డను కనిన తల్లి చేసిన నేరమేమో నాకు తెలియదు.

ఆ 2017లోనే ఇంకొక చట్టమును సవరించిరి. జీతము తీసికొను తల్లికి పండ్రెండు వారముల సెలవు ఇరువదియారు వారములైనది, పూర్తి జీతముతో. మంచిదే, నేను సంతోషించుచున్నాను. అయితే ఆమెను ఎవరైనను సోమరి అనిరా? ఆరు నెలలు ఇంట కూర్చుండి జీతము తినుచున్నదని అరుగు మీద ఎవరైనను నిందించిరా?

మరి నిజాంసాగర్ కాలువ క్రింద నాట్లు వేయు స్త్రీకి సెలవెవరిచ్చెదరు? నిండు నెలలతో మోకాటి లోతు బురదలో వంగి నడుచును. మానిన దినము కూలి పోవును. బిడ్డ మెడ నిలువకమునుపే ముసలమ్మ చేతికప్పగించి మరల కలుపు తీయబోవును. పాలు రొమ్ములో గడ్డకట్టి నొప్పి పుట్టినను సాయంత్రమువరకు పొలములోనే. పోయిన కూలిలో కొంత పూడ్చి, తల్లికి విశ్రాంతి కలుగజేయుటకే ఆ సొమ్మని పథకము యొక్క ఉద్దేశములలోనే వ్రాసికొనిరి. అనగా అది కూలి. దినకూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకక మునుపే ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ఇక్కడనో, ప్రొద్దు గ్రుంకుటకాదు, బిడ్డ పుట్టి నడక నేర్చినను చాలదు.

మన రాష్ట్రము కేంద్ర పథకమును అనేక సంవత్సరములు అమలుచేయక, 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ అనుదానిని ఆరంభించినది. సర్కారు దవాఖానాలో కాన్పైనచో మగబిడ్డకు 12,000, ఆడపిల్లకు 13,000 రూపాయలు, నాలుగు విడతలుగా, రెండు కాన్పులవరకు ఇయ్యవలెనని నాడు ఏర్పరచిరి. కేంద్రమిచ్చుదానికంటె అది ఎక్కువే యుండెను, ఒప్పుకొనవలెను. ఆ సబ్బులు, దోమతెర, చీర ఉన్న సంచిని ఫోటోలలో అందరును చూచిరి. విడతల సొమ్ము సకాలములో జమకాలేదని పత్రికలు పలుమార్లు వ్రాసినవి. ఆ ఖాతా పుస్తకమును ఫోటో తీసినవారు లేరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పులు నూటికి 97 ఆసుపత్రులలోనే జరిగినవని తేలినది. అదే సర్వేలో గర్భిణులలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనులు. దవాఖానావరకు తెచ్చితిమి, తినుటకు పెట్టలేదు. 2015 నుండి అంగన్‌వాడీలలో ఇచ్చుచు వచ్చిన ఆరోగ్యలక్ష్మి భోజనము, పాలు, గ్రుడ్డు మంచి ఏర్పాటే. కాని మధ్యాహ్నము పొలములో ఉన్న స్త్రీ అంగన్‌వాడీకి ఎట్లు రాగలదు? కూలి మానగలిగినచో వచ్చును. మరల ఆ ఆరువేలయొద్దకే వచ్చితిమి.

మన జిల్లాలోనే డిచ్‌పల్లియందు 1915లో ఇసబెల్ కెర్ దొరసానిగారు కుష్ఠురోగుల ఆసుపత్రిని స్థాపించిరి. రాజా నర్సాగౌడ్ గారు దానికి విరాళమిచ్చిరి. అది దానము. దానికి కృతజ్ఞత చెల్లవలెను. చట్టముచేత రావలసిన సొమ్ము దానము కాదు. దానికి దండము పెట్టనక్కరలేదు, లెక్క అడుగవలెను.

కనుక, చదువరీ, వచ్చే స్త్రీల సమాజమునాడు మీ సంఘములోని గర్భిణులను, బాలింతలను ఖాతా పుస్తకములు తెమ్మని చెప్పుడి. ఏ విడత ఏ తేదీన జమయైనదో, ఏది రాలేదో ఒక కాగితముమీద వ్రాయుడి. ఆ కాగితమును ఆశా కార్యకర్త చేతిలో పెట్టి ఊరకుండకుడి, ఆమెకే జీతము చాలదు. నిజామాబాదు కలెక్టరు కార్యాలయములో సోమవారపు ప్రజావాణికి తీసికొనిపోయి, రసీదు అడిగి తెచ్చుకొనుడి.