సీసాపై పేరు, సీసాలోని సరకు

అమెరికాకు చదువులకును ఉద్యోగములకును పోయిన గోదావరి మండలముల యువకులు సెలవులకు ఇల్లు చేరునపుడు పెట్టెలో విస్కీ సీసా యొకటి వచ్చుట నేడు వింతగాదు. విమానప్రయాణికుడు రెండు లీటర్ల మద్యమును సుంకము లేకుండ వెంట తెచ్చుకొనుటకు కేంద్రప్రభుత్వము అనుమతించియే యున్నది. దానితో రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము వంటి పట్టణములలో నొక క్రొత్త అభిరుచి తలయెత్తుచున్నది. స్కాచి యనిన చాలును, మరి మాటలేదు అను కాలము పోయినది. ఏ గింజతో చేసినది, ఏ పీపాలో ఎన్నియేండ్లు నిలువయుంచినది, ఎంత ఘాటు గలది యని విచారించి, నాలుగైదు రకములను ప్రక్కప్రక్కన నుంచి రుచిచూచి తారతమ్యములు నిర్ణయించు రసికులు బయలుదేరినారు. వీరిలో కొందరు బూర్బనును దాటి రై విస్కీ దాక పోయిరి.

ఈ విషయమునకు సంపాదకీయ మేల యని మా పాఠకులలో కొందరు బొమలు ముడువవచ్చును. మద్యపానమును మేము మెచ్చుకొనువారము కాము. అయినను ఈ రసికులను పరిహసించుట మా యుద్దేశము కాదు. వారు సీసాను అడుగు ప్రశ్న మంచి ప్రశ్న. ఆ ప్రశ్నను పరదేశపు సీసాను మాత్రమే అడిగి, మన యంగడిలో అమ్ముడుపోవు సీసాను అడుగకుండుటయే మాకు వింతగా తోచుచున్నది.

రై యనునది గోధుమకును యవలకును జ్ఞాతియగు ధాన్యము. చలిదేశములలో, సారము తక్కువైన నేలలలో సయితము పండును. ఉత్తర ఐరోపావారికి అది రొట్టెగింజ. మన డెల్టా నేలకు దానితో పరిచయము లేదు. ఆ పిండి నీటిలో కలిపినంతనే బంకయగును. పులియునపుడు పొంగి నురుగు గ్రక్కును. బట్టీవాండ్రకు అది తలనొప్పి గింజ. కాని దాని సారములో మొక్కజొన్న బూర్బనునకుండు తీపి తగ్గి, మిరియపు ఘాటు, లవంగపు వాసన, కొన్నింట పుదీనను బోలిన చల్లదనము కానవచ్చునని ఎరిగినవారు చెప్పుదురు. వారు పరీక్షించు పద్ధతియు శ్రద్ధగలది. అడుగు వెడల్పై మూతి సన్నగిల్లిన చిన్న గాజుగ్లాసులో రెండు చెంచాల పాటి పోసి, మొదట ఆఘ్రాణించి, పిదప నాలుకపై నిలిపి, తరువాత నాలుగు నీటిచుక్కలు కలిపి మరల చూతురు. ఘాటు తక్కువ దానినుండి ఎక్కువ దానికి పోదురు. గట్టి పరీక్షకులు సీసాల పేర్లు మరుగుపరచి కాని గ్లాసు ముట్టరు. పేరు కంటబడినచో నాలుక అబద్ధమాడునని వారి యనుభవము. ధర కంటబడినచో మరియు నాడును!

ఈ తారతమ్య పరిశీలన అమెరికాలో ఎట్లు సాధ్యమైనది? నాలుకలు పదునెక్కుటచేత మాత్రము కాదు. సీసాపైని మాటకు అచట చట్టము పూచీ పడుటచేత. రై విస్కీ యని వ్రాయవలెనన్న పులియబెట్టిన ధాన్యములో నూటికి 51 పాళ్లకు తక్కువగాక రై యుండవలెను. లోపలి భాగము కాల్చి బొగ్గుచేసిన క్రొత్త ఓక్ పీపాలోనే నిలువచేయవలెను. "స్ట్రెయిట్" అను మాట చేర్చవలెనన్న రెండేండ్లయినను పీపాలో నుండవలెను. 1897 నాటి చట్టము ఇంకొక మెట్టు పైకి పోయి, ఒకే బట్టీలో ఒకే కారులో దించి, ప్రభుత్వపు తాళము క్రింద నాలుగేండ్లుంచి, నూటికి 50 పాళ్ల ఘాటున నింపిన సీసాకు ప్రత్యేక గుర్తింపు నిచ్చెను. ధాన్యము లేని విస్కీ విస్కీయేనా యను తగవు ఆ దేశాధ్యక్షుడు టాఫ్టు దాక పోయి, 1909 డిసెంబరులో ఆయన తీర్పు చెప్పవలసివచ్చెను. ధాన్యమునుండి దించినదానికే ఆ పేరు చెల్లునని ఆయన నిర్ణయించెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో రాయల్ కమిషను వారును విస్కీని ధాన్యసారముగనే నిర్వచించిరి. ఒక దేశాధ్యక్షుడు కూర్చుండి సారాసీసా చీటిని గూర్చి తీర్పు వ్రాయుట నవ్వులాట గాదు. ఆ దేశపు తొలి యధ్యక్షుడు జార్జి వాషింగ్టనే బట్టీ యజమాని. 1799లో మౌంట్ వెర్ననులోని ఆయన బట్టీలో సుమారు 11,000 గాలనుల విస్కీ దిగెను. అందు నూటికి 60 పాళ్లు రై, 35 మొక్కజొన్న, 5 మొలకెత్తించిన యవలు. రెండువందల యేండ్లు దాటిన పిమ్మటను ఆ లెక్క మనకు తెలియుచున్నది!

చట్టమున్నంత మాత్రమున మోసము తీరదు. ఇండియానా రాష్ట్రమున లారెన్స్‌బర్గు పట్టణపు పెద్ద బట్టీ యొకటి నూటికి 95 పాళ్లు రై గింజతో విస్కీ దించి ఇతరులకు అమ్ముచువచ్చెను. కొన్నవారు తమతమ పేర్లు, తమతమ తాతల కథలు అంటించి అంగడికి పంపిరి. పాపము రసికులు నాలుగు సీసాలు వరుసగా నుంచి భేదములు వర్ణించుచుండ, నాలుగును ఒక్క బట్టీ సరకేయైన సందర్భములు కలవు. గుట్టు బయటపెట్టినవారును ఆ రసికులే. చీటిలోని సన్నయక్షరములు చదివి, బట్టీ ఏ రాష్ట్రమునందున్నదో వ్రాయవలెనను నిబంధనను పట్టుకొని వెంబడించిరి. అయోవా రాష్ట్రపు సంస్థ యొకటి తన విస్కీ అచటనే తయారైనట్లు జనులకు తోచునట్లు చేసెనని 2014లో వ్యాజ్యములు పడెను. మరుసటి సంవత్సరము రాజీ కుదిరి చీటి మార్చవలసివచ్చెను. ప్రక్కనున్న కెనడాలో మాత్రము రై యను పేరుండియు ఇంతపాలు రై ఉండితీరవలెనను నియమము లేదు. అచట ఆ మాట రివాజు మాత్రమే.

ఇక మన యింటికి వత్తము. గోదావరి తీరమున రుచి పరీక్ష క్రొత్త విద్య యని యెవ్వరైన ననుకొనినచో పొరబాటు. తాటితోపు క్రింద కూర్చున్న పెద్దమనిషి కల్లు పుచ్చుకొనుటకు ముందు అడుగు ప్రశ్నలను వినినవారికి తెలియును. ఏ తోపుది? పోతుతాటిదా, పెంటితాటిదా? తెల్లవారుజామున దించినదా, నిన్న సాయంకాలపుదా? లొట్టి క్రొత్తదా, పాతదా? సూర్యోదయమునకు తీయనై యుండునది ఎండ యెక్కునప్పటికి పులియును, మధ్యాహ్నమునకు ఘాటెక్కును, మరునాటికి పుల్లనగును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియక నీరాగా నిలుచును. చలికాలపు ఈతకల్లు వేరు, వేసవి తాటికల్లు వేరు, కోనసీమ కొబ్బరికల్లు వేరు. రంపచోడవరము, మారేడుమిల్లి మన్యములో కొండరెడ్లు గీయు జీలుగుకల్లు వీనికన్నిటికిని వేరు. దించినవాడు ఎదుటనే మోకు విప్పుచు నిలిచియుండును. అడిగినదానికి ఆతడు జవాబు చెప్పును. అబద్ధమాడినచో మరునాడు బేరము పోవును. పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రము తాటినిగూర్చి చేయుచున్న కృషి ప్రశంసనీయము. గీతకార్మికుని నాలుకకును కంటికిని తెలిసిన ఈ తారతమ్యములను గూడ ఎవరైన గ్రంథస్థము చేసినచో మంచిది. చెట్టెక్కువారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఇంత ప్రశ్నించు జనుడు మద్యపు టంగడి మెట్టెక్కగనే మూగవాడగుచున్నాడు. విస్కీ యని వ్రాసియున్న సీసాను డబ్బిచ్చి తీసికొనిపోవును. అందేమున్నది? మనదేశమున చవుకగా అమ్ముడుపోవు విస్కీలలో చాలభాగము తటస్థసారము, అనగా ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాలు. నూటికి 96 పాళ్ల ఘాటువరకు శుద్ధిచేసి, పుట్టుక వాసన యంతయు పోగొట్టి, నీరు, మాడ్చిన చక్కెర రంగు, పరిమళము, కొన్నింట కొంచెము మాల్టు సారము చేర్చినది. ఆ తటస్థసారము నూకలనుండి రావచ్చును, మొక్కజొన్ననుండి రావచ్చును, మొలాసిస్ అనబడు చక్కెరమడ్డినుండి రావచ్చును. మడ్డి బట్టీ మన మండలములకు క్రొత్తది కాదు. సామర్లకోటలో వెలసిన ఆంగ్లేయుల కంపెనీ పేరే దక్కను సుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. చక్కెరయు సారాయు ఒక్క పేరున ఇమిడినవి. 1947లో తణుకున స్థాపితమైన ఆంధ్రా సుగర్సు వారును చక్కెరతోపాటు ఆల్కహాలును తయారుచేసిరి. మడ్డినుండి సారము తీయుట తప్పని మే మనము. దానికి పెట్టిన పేరే ప్రశ్న. ఐరోపా దేశములలో ధాన్యముతో దించి మూడేండ్లు కొయ్యపీపాలో నుంచనిదానిని విస్కీ యని అమ్మరాదు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థవారి నిబంధనలు 2019 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చినవి. వానిలో తటస్థసారముతో కూర్చినదానికిని విస్కీ నామము చెల్లినది. ధాన్యముతో చేసినవారు ఆ మాటను చీటిపై పెద్దయక్షరములతో వేసికొందురు. వేసికొననివారి మాట పాఠకులే ఊహింపవచ్చును. బెంగుళూరి అమృత్ సంస్థ మొలకెత్తించిన రై గింజతోనే విస్కీ చేసి ఖండాంతరముల రసికుల ముందుంచగలిగినపుడు, ఈ దేశమున నిజము చెప్పుట అసాధ్యమని యెవ్వరు నమ్ముదురు?

త్రాగవచ్చునా, త్రాగరాదా యని ఆంధ్రులు డెబ్బదియేండ్లుగా వాదించుచునే యున్నారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము కూలుటకు మద్యనిషేధ వివాదమే నిమిత్తమయ్యెను. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణములను మూయించిరి. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలెను. 2019 అక్టోబరులో దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. ఎరిగిన పేర్లు మాయమై ఎరుగని పేర్లు అరలనిండ కనబడుచున్నవని నాడు పెద్ద గగ్గోలు పుట్టెను. 2024 అక్టోబరు 16 నుండి 3,396 దుకాణములు మరల ప్రైవేటువారి చేతికి పోయినవి; 99 రూపాయలకు క్వార్టరు సీసా వచ్చినది; పాతపేర్లు తిరిగివచ్చినవని కొందరు సంతోషించిరి. ఇన్ని మార్పులలో చేతులు మారినవి, పేర్లు మారినవి, ధరలు మారినవి. ఆ సీసాలోనిది దేనినుండి పుట్టినదని మాత్రము శాసనసభలో గట్టిగా నడిగినవారు మాకు కనబడలేదు. పాతపేరు వచ్చినంతనే సంతోషించుట పేరు చూచి రుచి నిర్ణయించుటయే కదా.

ఇది ధనికుల నాలుకల ముచ్చట మాత్రమేయైనచో మేము కలము పట్టకపోయెడివారము. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెమున వరుసగా జనులు మరణించినపుడు కల్తీసారా కారణమని ప్రతిపక్షమును, సహజ మరణములని ప్రభుత్వమును వాదులాడిరి. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు చనిపోయిరి. చెట్టును, గీచినవానిని ఎరిగి పుచ్చుకొన్న కల్లునకును, ఎచటనుండియో వచ్చి దుకాణములో పోసిన కల్లునకును గల భేదము ఇదియే. చీటి యొకటి కల్తీ నాపలేదని మాకును తెలియును. కాని త్రాగునది ఎచటిదో, దేనితో చేసినదో అడుగు నలవాటు పోయినచోట కల్తీవానికి పని సులభమగును.

మడ్డిసారమైన నేమి, ధాన్యసారమైన నేమి, శుద్ధిచేసిన పిదప రెండును ఒక్కటియే కదా యని ఉత్పత్తిదారులు చెప్పుదురు. రసాయనశాస్త్రము దృష్ట్యా ఆ మాటలో కొంత నిజమున్నది. భేదమే లేనిచో వ్రాయుటకు సంకోచమేల? నూకలు, మొక్కజొన్న అమ్ముకొను డెల్టా రైతునకును, చెరకు తోలు రైతునకును ఆ సమాచారముతో పనియున్నది. తన పంట ఏ సీసాలోనికి, ఏ ధరకు పోవుచున్నదో ఆతడెరుగనక్కరలేదా? ఇక మద్యనిషేధవాదులగు మా మిత్రులు, విషమునకు చీటి యేల యనుచున్నారు. వారి యాశయమును గౌరవింతుము. నిషేధము వచ్చునంతవరకు ప్రభుత్వము ఈ సరకుపై పన్ను పుచ్చుకొనుచునే యుండును. పన్ను పుచ్చుకొన్నచేతితో నిజము వ్రాయించుమనుట నిషేధమునకు అడ్డుగాదు.

అందుకు క్రొత్త చట్టమును ఎదురుచూడ నవసరము లేదు. మత్తుపానీయములు రాజ్యాంగమున రాష్ట్రములకు వదలిన విషయము. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మండ్రు న్యాయమూర్తుల ధర్మాసనము పారిశ్రామిక ఆల్కహాలుపై సయితము రాష్ట్రములకు అధికారము కలదని తీర్పిచ్చెను. ఇచట అమ్ముడుపోవు మద్యపు సీసాల చీటికి అబ్కారీశాఖ ఆమోదము ఇప్పటికే కావలయును. ఆమోదించుటకు ముందు సారము దేనినుండి తీసినది, ఏ బట్టీలో దించినది, ఏ యూరిలో సీసాలకెక్కినది, పీపాలో నుంచిరా, ఉంచినచో ఎన్ని నెలలు అను నాలుగు పంక్తులు తెలుగులో, చదువనగు నక్షరములతో వేయవలెనని కమిషనరుగారు ఉత్తర్వు చేసిన చాలును. మన శాసనసభ్యులలో నెవ్వరైన రాబోవు సమావేశములలో ఈ ప్రశ్న వేసి లిఖితపూర్వకమైన జవాబు పుచ్చుకొందురా?