పందెం ఎద్దుకైనా ఉలవలు పెడతారు, మరి కాలేజీ ప్లేయర్‌కు?

తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు చూడని పిలగాడు మన పక్కల ఉండడు. రాచర్ల కానీ, గిద్దలూరు కానీ, కంభం కానీ, పందెం ఉందంటే ఊరు ఊరంతా ఆడనే. గెలిస్తే దుడ్లు యజమానికి పోతాయి, ఎద్దుకేం రావు. కానీ ఒక సంగతి చూడండి. పందేనికి నెలల ముందు నుంచే ఆ ఎద్దుకు ఉలవలు ఉడకబెట్టి పెడతారు. కాలు బెణికితే పశువుల డాక్టరును ఇంటికే పిలిపిస్తారు. మేత పెట్టకుండా బండ లాగమని ఏ రైతూ అనడు.

మన కాలేజీ ప్లేయర్‌కు ఆపాటి మర్యాద కూడా లేదు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు కాలేజీ కబడ్డీ జట్టులో ఆడినా. ఒంగోలులో పోటీలంటే బస్సు చార్జీ మాదే, టిఫిను మాదే, బూట్లు పక్కోడి దగ్గర అడుక్కున్నవే. మాలో అందరికంటే బాగా కూతకు పోయేవాడు ఒకడుండె. వాళ్లమ్మా నాయనా మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు పోయేవాళ్లు. క్యాంపుకు పోతే పది రోజుల కూలి పోతాదని వాడు ఇంట్లోనే ఆగిపోయినాడు. మేం గెలిచినాక కాలేజీ గేటు కాడ ఫ్లెక్సీ కట్టినారు. ఆ ఏడు అడ్మిషన్ల కరపత్రం మీద కూడా మా ఫొటోనే. మాకు దక్కింది ఒక శాలువా, ఒక సర్టిఫికెట్టు. ఆ కాలేజీ పేరు అనవసరం. ఇది ఏదో ఒక్క కాలేజీ కథ కాదని ఆడినోళ్లందరికీ తెలుసు.

మరి కాలేజీ ప్లేయర్లకు డబ్బులు ఇయ్యాల్నా, వద్దా? ఇదే పంచాయితీ అమెరికాలో డెబ్బై ఏళ్లు నడిచింది. ఆడ కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు టీవీలో వస్తాయి, వేల కోట్ల వ్యాపారం. కోచ్‌లకు కోట్లలో జీతాలు. ఆడే పిల్లలకు మాత్రం స్కాలర్‌షిప్పు తప్ప ఏమీ ఇయ్యగూడదని ఎన్‌సీఏఏ అనే సంఘం రూలు పెట్టింది. 'వాళ్లు విద్యార్థులు, పనోళ్లు కాదు' అనేది వాళ్ల వాదం. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చచ్చిపోయినాడు. పరిహారం ఇయ్యమని అతని భార్య కోర్టుకు పోతే, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కాబట్టి ఆమెకేమీ రాదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ గోడ కూలడానికి చానా ఏళ్లు పట్టింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చినారు. ఆ జూలై నుంచి పిల్లలు తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో ఇంకో కోర్టు రాజీని ఆమోదించింది. దాని ప్రకారం ఒక్కో కాలేజీ మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా, అంటే మన లెక్కలో 170 కోట్లకు పైనే, నేరుగా ప్లేయర్లకు పంచొచ్చు.

ఇది చూసి 'మనకూ జీతాలు కావాల' అంటే అది సరైన లెక్క కాదు. మన ఇంటర్ కాలేజీ మ్యాచ్‌కు టికెట్టు లేదు, టీవీ లేదు. లేని ఆదాయంలో వాటా అడగలేం. పైగా ఆడ జరుగుతున్నదేందంటే, పంచే డబ్బులో పెద్ద భాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మగపిల్లలకే పోతా ఉంది. మన దగ్గరా బజారు రేటు పెడితే అంతే. ప్రో కబడ్డీలో 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలు పెట్టింది. మంచిదే. కానీ ఖోఖో ఆడే మార్కాపురం ఆడపిల్లకు ఏ వేలమూ లేదు.

కాబట్టి మన ప్రశ్న వేరే. అమెరికా పిల్లోడు 'నా వల్ల వచ్చిన లాభంలో నా వాటా ఏది' అని అడిగినాడు. మన పిల్లోడు 'నా జేబులోంచి పెట్టి మీ పేరు కోసం ఎందుకు ఆడాల' అని అడగాల. ముందు ఆ నష్టం ఆగాల.

కాగితం మీద ఎంతవుతాదో చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పది రోజుల క్యాంపు, ఐదు రోజుల పోటీలు, మొత్తం 15 రోజులు. ఒక్కరికి 4,605 రూపాయలు. కబడ్డీ జట్టుకు 12 మంది. అంతా కలిపితే 55,260. దీనికి బస్సు చార్జీ, తిండి, బూట్లు కలపండి. ఇది కాలేజీలు మోయలేని బరువా? ఫ్లెక్సీలకు, కరపత్రాలకు డబ్బులు దొరికేచోట దీనికెందుకు దొరకవు?

'స్కాలర్‌షిప్పులు ఉండాయి కదా' అంటారు. ఉండాయి. ఖేలో ఇండియాకు ఎంపికైనోళ్లకు కోచింగు, హాస్టలు, తిండి కాకుండా నెలకు 10,000 చేతి ఖర్చు ఇస్తారు. కానీ దేశం మొత్తం మీద అది దక్కేది సుమారు మూడు వేల మందికి. 'కోటా ఉంది కదా' అంటారు. 2024లో వచ్చిన మన రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో కోటాను 2 నుంచి 3 శాతం చేసింది, ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ప్రకటించింది. సంతోషమే. అయితే ఇవన్నీ నిచ్చెన పైమెట్టు మీద పెట్టిన బహుమానాలు. కింది మెట్టు విరిగిపోయి ఉంటే పైకి ఎక్కేదెవరు? యూనివర్సిటీ జట్టుకు ఎంపికైనాక ప్రయాణం, భత్యం ఎట్లనో దొరుకుతాయి. ఇబ్బందంతా అంతకు ముందు మెట్టులోనే. మా కూతగాడు ఆగిపోయింది ఆడనే.

జ్యోతి యర్రాజీ సంగతి తెలుసుకోవాల. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురు, తల్లి ఇళ్లల్లో పనిచేసేది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నాగార్జున యూనివర్సిటీ తరఫున 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా అది రికార్డుగా ఎక్కలే. ఆడ డోప్ పరీక్ష చేయలేదంట, సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి లేడంట. పిల్ల తన పని తాను చేసింది, పెద్దోళ్లు వాళ్ల పని చేయలే. తర్వాత 2023లో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో కాంస్యం తెచ్చింది, 2024లో ఒలింపిక్స్‌కు పోయింది. ఆమె నిలబడింది. నిలబడలేక పోయినోళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు.

'డబ్బులిస్తే చదువు పాడవుతాది' అనే మాట కూడా ఉంది. క్యాంపుకు పోయినందుకు హాజరు తగ్గి భయపడే పిల్లోడి చదువు ఇప్పుడేమన్నా బాగుందా? మోకాలు పోతే నెలల తరబడి క్లాసుకూ పోలేడు, పనికీ పోలేడు. చదువు పాడుచేసేది కూలి డబ్బు కాదు, ఆ భయం.

కాబట్టి అడగాల్సింది నాలుగే. కాలేజీ బనీను వేసుకున్న రోజుకు కూలి లెక్కన భత్యం, అన్ని ఆటలకూ, ఆడా మగా తేడా లేకుండా. ప్రయాణం, తిండి, బూట్లు కాలేజీవి. దెబ్బ తగిలితే బీమా. ఆడిన రోజులకు హాజరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఫీజు రసీదు ఒకసారి తీసి చూడండి. చానా కాలేజీల్లో గేమ్స్ ఫీజు అని ఒక పద్దు ఉంటాది. అది దేనికి ఖర్చయిందని ప్రిన్సిపాల్‌ను గౌరవంగానే, రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. ఒక్కరే పోవద్దు, జట్టు జట్టంతా పోండి. కబడ్డీలో కూత ఒక్కడిదే గానీ, పట్టు మాత్రం అందరిదీ.