వాచీ మీద ప్రేమకు దొంగ పేరెందుకు?

ఖరీదైన వాచీకి నకలు అనగానే చాలామందికి ఫుట్‌పాత్ మీద గుడ్డ పరిచి అమ్మే సరుకే గుర్తొస్తుంది. సెకనుకో గెంతు వేసే ముల్లు, వాడకం మొదలుపెట్టగానే వెలిసిపోయే బంగారు పూత, అక్షరాలు వంకర పోయిన డయల్. ఆ సరుకు ఇప్పటికీ ఉంది. దాని పక్కనే మరో లోకం మెల్లగా తయారైంది. చైనాలో గ్వాంగ్‌ఝౌ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో, రోలెక్స్ 1988లో తెచ్చిన 3135 మిషన్‌ని పళ్లచక్రానికి పళ్లచక్రం నకలు తీస్తున్నారు. అసలుదానిలాగే అది గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, ముల్లు అంతే నున్నగా జారుతుంది. వ్యాపారులు దీన్ని సూపర్ క్లోన్ అంటారు, మన ఊళ్లలో ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ అనే పేర్లతో దీనికన్నా నాసి రకాలు తిరుగుతుంటాయి. నికార్సైన సూపర్ క్లోన్ కొనేవాళ్లు మోసపోయి కొనరు. నకలని తెలిసి, వేలకు వేలు పోసి, ఇష్టపడి కొంటారు. ఒకటితో ఆగరు, పోగేస్తారు. ఇదొక అభిరుచిగా స్థిరపడింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా లోపలికెళ్లి చూడాల్సిన అవసరం ఉంది.

ఈ అభిరుచిలో నిజమైన చదువు ఉంది. వాచీ చేతికి రాకముందే అమ్మేవాడు దాని ఫొటోలు పంపిస్తాడు. కొనేవాడు వాటిని భూతద్దం పెట్టి చూసినట్టు చూస్తాడు. తేదీ అంకె కిటికీకి సరిగ్గా మధ్యలో ఉందా, గాజు చుట్టూ ఉండే బెజెల్ మీది త్రిభుజం పన్నెండుకి ఎదురుగా నిలిచిందా, డయల్ చుట్టూ లోపలి వలయం మీద చెక్కిన అక్షరాలు నిమిషాల గుర్తులతో కలుస్తున్నాయా అని. టైమ్‌గ్రాఫర్ అనే పరికరం మీద మిషన్ శబ్దాన్ని కొలిచిన అంకెలు కూడా పంపమంటాడు. రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోంది, బ్యాలెన్స్ చక్రం ఒక్కో ఊపులో ఎంత దూరం తిరుగుతోంది, ఆ ఊపు రెండువైపులా సమంగా ఉందా అన్నవి ఆ అంకెలు చెబుతాయి. అసలు వాచీని లక్షలు పోసి కొన్నవాళ్లలో చాలామందికి ఈ మూడింట్లో ఒక్కటీ తెలియదు. అరచేతిలో ఇమిడిపోయే ఇనుప పెట్టెలో ఒక స్ప్రింగు, కొన్ని చక్రాలు, కొన్ని కెంపు రాళ్లు కలిసి కరెంటు లేకుండా, బ్యాటరీ లేకుండా కాలాన్ని కొలవడం మనిషి చేసిన గొప్ప పనుల్లో ఒకటి. దానికి ముగ్ధులయ్యేవాళ్లని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. నా అభ్యంతరం ఆ ముచ్చట మీద కాదు, డయల్ మీద అచ్చేసిన పేరు మీద. ఆ పేరు తీసేస్తే ఈ అభిరుచిలో విలువైనదేదీ పోదన్నది నా వాదం.

ఈ మాట నీతి కోసం అంటున్నది కాదు. చట్టమే మిషన్‌నీ పేరునీ వేరుచేసి చూసింది. కొత్త యంత్రాన్ని కనిపెట్టినవాడికి పేటెంటు ఇచ్చేది 20 ఏళ్లకు. ఆ తర్వాత అది లోకం సొత్తు. స్విట్జర్లాండ్‌లో ఈటీఏ సంస్థ చేసిన 2824 అనే మిషన్ అలాగే అందరిదీ అయింది. అదే స్విట్జర్లాండ్‌లో సెలీటా దాన్ని ఎస్‌డబ్ల్యూ 200 పేరుతోనూ, చైనాలోని తియాన్‌జిన్‌లో సీగల్ ఎస్‌టీ 2130 పేరుతోనూ చేస్తున్నాయి. అందులో దాపరికం లేదు, దొంగతనం లేదు. ఆకారం సంగతీ అంతే. మన డిజైన్ల చట్టం రూపానికి ఇచ్చే రక్షణ అన్నీ కలిపి 15 ఏళ్లు. ఒక్క ట్రేడ్‌మార్క్‌కే గడువు లేదు, పదేళ్లకోసారి రుసుము కట్టి ఎంతకాలమైనా నిలుపుకోవచ్చు. ఇందులో అర్థముంది. జ్ఞానం తరతరాలకీ చేరాలి కనుక దాన్ని శాశ్వతంగా కట్టిపడేయకూడదు. పేరు మాత్రం ఒక హామీ. ఈ వస్తువు ఎవరు చేశారు, పాడైతే ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నకు అది సమాధానం. ఆ సమాధానం ఎప్పటికీ నిజమై ఉండాలి. నకలు వాచీలో మిషన్ నిజంగా నడుస్తుంది, ఆకారం నిజంగా అందంగా ఉంటుంది, ఆ ఒక్క సమాధానమే అబద్ధం.

అనుకరణ చెడ్డదని కూడా నేను అనను. అలా అంటే వాచీల చరిత్రనే కాదనాలి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ వాచీలకు గిరాకీ ఉండగా, యూరప్ వర్క్‌షాపుల్లో లండన్ పేర్లు చెక్కిన నకిలీలు విరివిగా తయారయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఫ్యాక్టరీ వాచీలు పైచేయి సాధించాక, స్విస్ వాళ్లే అమెరికన్ కంపెనీల పేర్లను పోలిన పేర్లు వేసి అమ్ముకున్నారు. ఈరోజు నకిలీల మీద మండిపడే దేశం ఒకప్పుడు చేసింది అదే పని. కానీ స్విస్ పరిశ్రమను నిలబెట్టింది ఆ నకిలీలు కావు. 1876లో లాంజీన్ సంస్థకు చెందిన జాక్ డేవిడ్ అమెరికా వెళ్లి, అక్కడి ఫ్యాక్టరీలు విడిభాగాలను ఒకే కొలతతో ఎలా చేస్తున్నాయో చూసి, స్వదేశానికి హెచ్చరికలాంటి నివేదిక రాశాడు. ఆ పద్ధతి నేర్చుకుని సొంత పేరుతో వాచీలు చేసిన సంస్థలు నిలిచాయి. చైనా కథ కూడా ఇలాంటిదే. 1960ల మొదట్లో స్విట్జర్లాండ్ నుంచి వీనస్ 175 అనే క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న) మిషన్ తయారీ పనిముట్లను డబ్బిచ్చి కొని, దాన్నుంచి తమ మిషన్‌ని అభివృద్ధి చేసుకున్నారు. దాని వారసుడు ఎస్‌టీ 19 ఇప్పటికీ సీగల్ పేరుతో వస్తోంది. మన హెచ్ఎమ్‌టీ 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది జపాన్ సిటిజన్ సహకారంతోనే. ఆ 17 రాళ్ల జనతా వాచీ లోపల జపాన్ విద్య ఉంది, డయల్ మీద మాత్రం మన పేరే ఉంది. దాన్ని ఎవరూ నకిలీ అనలేదు.

ఇక్కడ నకళ్లు ఇష్టపడేవాళ్లు చెప్పే బలమైన మాట ఒకటుంది. అసలు వాచీ ధరకీ అందులోని ఉక్కుకీ, పనితనానికీ పొంతన లేదు, కంపెనీలు కావాలని తక్కువ సరఫరా చేసి, నెలల తరబడి ఎదురుచూపులు పెట్టి గిరాకీ పెంచుకుంటాయి, ఈ దోపిడీకి మేమెందుకు తలొగ్గాలి అంటారు. ధర గురించి వాళ్లు చెప్పేది చాలావరకు నిజం. ఆ ధరలో పెద్దభాగం పేరుకు కట్టేదే. అయితే ఆ పేరుకు అంత విలువ లేదని నమ్మే మనిషి ఆ పేరునే ఎందుకు మణికట్టుకి కట్టుకోవాలి? రోలెక్స్ కిరీటం గుర్తున్న డయల్‌ని నలుగురికీ కనబడేలా తిప్పే ప్రతి చెయ్యీ ఆ కిరీటం విలువను ఇంకాస్త పెంచుతుంది. నిరసన తెలపాలంటే ఆ గుర్తు లేని వాచీ కట్టుకోవాలి. అందమైన ఆకారం మామూలు ధరకు కావాలన్న కోరిక తప్పు కాదని ఆ పరిశ్రమే ఒప్పుకున్న సందర్భమూ ఉంది. 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ రూపాన్ని 2022 మార్చిలో ఒమేగా ఉన్న గ్రూపులోదే అయిన స్వాచ్ బ్యాటరీ వాచీగా 250 స్విస్ ఫ్రాంకులకే అమ్మితే, ఎన్నో నగరాల్లో దుకాణాల ముందు రాత్రంతా జనం బారులు తీరారు. దాని డయల్ మీద ఒమేగాతో పాటు స్వాచ్ పేరు కూడా ఉంది. అది ఏమిటో అదే చెబుతుంది.

మేం ఎవరినీ మోసం చేయడం లేదు, అడిగినవాళ్లకి నకలనే చెబుతాం అన్నది రెండో మాట. చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల నిజాయితీని నేను శంకించను. ఇబ్బంది ఏమిటంటే వాచీ మనిషికన్నా ఎక్కువకాలం బతుకుతుంది. చేతులు మారుతుంది, తాకట్టుకి వెళుతుంది, కొడుక్కో అల్లుడికో అందుతుంది, పాత సామాన్ల అంగడికి చేరుతుంది. మొదటి యజమాని చెప్పిన నిజం వాచీతో పాటు ప్రయాణం చేయదు, డయల్ మీది అబద్ధమే చేస్తుంది. నకలు ఎంత గొప్పగా ఉంటే ఆ అబద్ధం అంత దూరం వెళుతుంది. పాత వాచీల బజారులో నమ్మకం ఎంత దెబ్బతిన్నదంటే, 2022 డిసెంబరులో రోలెక్స్ తన పాత వాచీలను తానే పరీక్షించి ధ్రువపత్రంతో అమ్మించే పద్ధతి మొదలుపెట్టింది. డబ్బున్నవాళ్ల వాచీల సంగతే ఇది అనుకోనక్కర్లేదు. పాత హెచ్ఎమ్‌టీలు సేకరించేవాళ్లని అడగండి. ఎప్పుడూ కంపెనీ వేయని రంగులతో డయల్‌కి కొత్తగా పెయింటు కొట్టి, నాలుగు వాచీల ముక్కలు కలిపి కుట్టిన సరుకు ఎంతగా నిండిపోయిందంటే, ఒక మామూలు జనతా వాచీ అసలుదో కాదో తేల్చడానికి కూడా అనుభవం కావాలి. మన దేశపు ఒక ఫ్యాక్టరీ చరిత్ర ఆ విధంగా మసకబారింది.

చట్టం కొనేవాడిని శిక్షించదు కదా అనీ అంటారు. మన దేశంలో అది దాదాపు నిజమే. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్లు దొంగ గుర్తు వేసేవాడికి, అమ్మేవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పెట్టాయి. సొంతానికి కొని కట్టుకునేవాడి జోలికి అవి పోవు. అన్ని దేశాలూ ఇలా వదిలేయలేదు. ఇటలీ కొన్నవాడికీ జరిమానా వేస్తుంది, స్విట్జర్లాండ్ 2008 నుంచి సొంత వాడకానికి తెచ్చుకున్న నకిలీని కూడా సరిహద్దులో తీసేసుకుంటోంది. మనవాడికి శిక్ష లేకపోవచ్చు, కానీ అతని డబ్బు చేరేది చట్టం నేరస్థుడన్న చేతికే. బిల్లు ఉండదు, చిరునామా ఉండదు, పని చేసినవాడికి ఎంత కూలి దక్కిందో అడిగే దారి ఉండదు. 2021లో ప్రపంచమంతటా నకిలీ సరుకుల వ్యాపారం 467 బిలియన్ డాలర్లని, ప్రపంచ దిగుమతుల్లో 2.3 శాతమని ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ అంచనా వేసింది. మందులూ, వాహనాల విడిభాగాలూ కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి.

రోలెక్స్‌కి నష్టమైతే మనకేం అనేవాళ్లకు నా జవాబు జెనీవా నుంచి కాదు, భూదాన్ పోచంపల్లి నుంచి. ఇకత్ నేతకు పోచంపల్లి పేరు మీద 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును కట్లు కట్టి, రంగుల్లో ముంచి, లెక్క తప్పకుండా మగ్గం మీద నేస్తే వచ్చే ఆ చీరకు, బట్ట మీద అచ్చు గుద్దిన నకలు పోచంపల్లి పేరుతోనే చాలా తక్కువ ధరకు పోటీకి వస్తోంది. ఆ నకలు కొనే ఇల్లాలు కూడా డిజైను బాగుంది, ధర తక్కువ, ఎవరికి నష్టం అనే అనుకుంటుంది. రోలెక్స్ యజమాని ఒక ట్రస్టు, దానికి లోటు లేదు. మగ్గం మనిషి పరిస్థితి అది కాదు. నష్టం తూకంలో ఈ రెండూ సమానమని నేను చెప్పడం లేదు. కానీ వస్తువు మీది పేరు నిజం చెప్పాలన్న నియమం ఒక్కటే. ధనవంతుడి విషయంలో దాన్ని సరదాగా తీసిపారేసే సమాజం నేతగాడి విషయంలో గట్టిగా నిలబడుతుందని నాకు నమ్మకం లేదు.

నకలు మానేస్తే ముచ్చట తీరేదెలా అంటే, దారులు ఇప్పుడున్నన్ని ఎప్పుడూ లేవు. సీకో గ్రూపు చేసే ఎన్‌హెచ్ 35 మిషన్ గంటకు 21,600 సార్లు కొట్టుకుంటూ, ఒకసారి నిండా చుట్టుకుంటే 41 గంటలు నడుస్తుంది, చిన్న చిన్న కంపెనీలెన్నో దాన్ని సొంత పేర్లతో డైవింగ్ వాచీల్లో వాడుతున్నాయి. నీటిలో వాడే వాచీ ఆకారం 1953 నుంచి ఎందరి చేతుల్లోనో పెరిగి అందరిదీ అయింది. ఎస్‌టీ 19 ఉన్న క్రోనోగ్రాఫ్ మంచి సూపర్ క్లోన్ కన్నా తక్కువకే వస్తుంది, వెనక గాజు మూతలోంచి దాని మీటలు కదలడం చూడొచ్చు. హెచ్ఎమ్‌టీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016 జనవరిలో నిర్ణయించినా, కీ ఇచ్చే పాత వాచీలు ఇంకా ఇళ్లల్లో ఉన్నాయి, వాటిని విప్పి శుభ్రం చేసి నడిపించగల పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరు మిగిలారు. ఫొటోలు చూసి తేదీ అంకె వెంట్రుకవాసి పక్కకు జరిగిందని పట్టేసే కంటికి ఆ పని నేర్చుకోవడం కష్టం కాదు. ఆ చూపు అంతా ఇప్పుడు అబద్ధం ఎంత బాగా కుదిరిందో తేల్చడానికి ఖర్చవుతోంది. అది నాకు బాధ కలిగించే సంగతి.

ఇప్పటికే నకళ్లు పోగేసినవాళ్లకు ఒక విన్నపం. వాటిని పారేయమని అడగడం లేదు. అమ్మకండి, ఏమిటో చెప్పకుండా ఎవరికీ బహుమతిగా ఇవ్వకండి. ఇది నకలు, ఫలానా సంవత్సరంలో ఇంతకు కొన్నాను అని ఒక కాగితం మీద రాసి వాచీతో పాటు పెట్టెలో పెట్టండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. తర్వాత కొనబోయే వాచీ డయల్ మీద దాన్ని చేసినవాళ్ల పేరే ఉండేలా చూసుకోండి.