గంట ప్రయాణం ఎవరికి?

మన హాస్టల్ డాబా మీద నిలబడితే సాయంత్రం వేళ గన్నవరంలో దిగబోయే విమానం కనబడుతుంది. "హైదరాబాదుకు ఎంతసేపురా?" అని ఒకడు అడిగితే, "గంటే" అని ఇంకొకడు గొప్పగా చెప్పేవాడు. ఆ గంట గురించే ఈ నాలుగు మాటలు.

విజయవాడ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు. నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా బస్సుకు ఐదారు గంటలు. కాజీపేట మీదుగా రైలు మార్గం 350 కిలోమీటర్లు. ఆకాశంలో తిన్నగా కొలిస్తే 250కి అటూ ఇటూ. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే ఏటీఆర్ విమానం వేగం గంటకు 500 కిలోమీటర్ల వరకు ఉంటుంది. లేవడం, దిగడం అన్నీ కలుపుకొని గంట అని వేస్తారు.

కానీ లెక్క అక్కడితో అయిపోదు. బస్టాండు నుంచి గన్నవరం 20 కిలోమీటర్లు, ముప్పావు గంట. తనిఖీలకు గంటన్నర ముందుండాలి. దిగాక సామానుకు అరగంట. 2008లో బేగంపేట నుంచి శంషాబాదుకు విమానాశ్రయం మారింది కాబట్టి ఊళ్లోకి రావడానికి మరో గంట. మొత్తం ఐదు గంటలకు దగ్గర! కనుక విమానం ఎక్కలేదని మనవాళ్లెవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

అసలు దూరం వేరే ఉంది. మాది దివిసీమ, నాగాయలంక అవతల పల్లె. అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు దాటి విజయవాడ చేరేసరికే నాకు మూడు గంటలు. విమానం హైదరాబాదు వెళ్లి తిరిగొచ్చేంత సమయం!

పోయిన ఏడాది నాకూ, నా రూమ్మేటుకూ హైదరాబాదులో ఒకే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నాట్లు అయ్యాక తీరుస్తానని చెప్పి మా నాన్న మేస్త్రి దగ్గర అప్పు తెచ్చి చార్జీలు ఇచ్చాడు. రాత్రి బస్సు దిగాక మన హాస్టల్ సీనియర్ అన్న తన గదికి తీసుకెళ్లి, స్నానానికి నీళ్లు తోడిచ్చి, ఇస్త్రీ చొక్కా ఇచ్చి పంపాడు. నా రూమ్మేటు మాత్రం రాలేదు. ఒంట్లో బాగోలేదన్నాడు. చార్జీలు లేక ఆగిపోయాడని నెల తర్వాత తెలిసింది. వాడు నాకన్నా బాగా చదివేవాడు. నన్ను అడిగి ఉంటే బాగుండేది. నేను అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు.

మన ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ అది హైదరాబాదు బస్సుకు వర్తించదు.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు నా విన్నపం. ఈ వార్షికోత్సవం నాడు ఒక్కొక్కరు ఒక రానుపోను బస్సు చార్జీ వేయండి. వార్డెన్ గారికి తెలిసేలా ఒక పుస్తకంలో లెక్క రాసుకుందాం. హైదరాబాదు, విశాఖ, చెన్నైలలో ఒక రాత్రి చోటివ్వగల వాళ్ల ఫోన్ నంబర్లు ఆ పుస్తకం వెనక పేజీలో రాద్దాం. పిలుపు లేఖ చూపిస్తే చాలు, కారణాలు అడగకుండా చార్జీ ఇవ్వాలి. ఉద్యోగం వచ్చినవాడు తిరిగి వేస్తాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చార్జీలు లేకపోతే ఒంట్లో బాగోలేదని చెప్పకండి. లేవని చెప్పండి. మనలో మనకు సిగ్గేమిటి?

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం