పంటకు పరిహారం చాలదు, నేలను బాగుచేసి ఇవ్వాలి

చమురు బావి నుంచి చమురు, గ్యాస్ మాత్రమే రావు. భూమి లోతుల్లోని ఉప్పు నీరూ వాటితో పాటు పైకి వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, కొన్ని బావుల నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైపు పగిలినా, గుంత గట్టు తెగినా ఆ నీరు చేరేది పక్క చేలోకే. అమెరికాలోని నార్త్ డకోటాలో 2014 ఆగస్టు నుంచి 2015 జనవరి దాకా ఒకే పైపులైను నుంచి సుమారు 11 కోట్ల లీటర్లు కారిపోయాయి.

నేలలో పడ్డ చమురును సూక్ష్మజీవులు కాలక్రమంలో చాలావరకు తినేస్తాయి. ఉప్పు అలా పోదు, కడిగి పంపాల్సిందే. పైన నాలుగు ట్రాక్టర్ల మట్టి పోసి చదును చేస్తే ఎండలకు కింది ఉప్పు మళ్లీ పైకి పొక్కుతుంది.

పని వరసలో జరగాలి. ముందు మురుగు కాలువ తీయాలి. ఆ నీరు పక్క రైతు చేలోకి పోకూడదు. తర్వాత భూసార పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి. ఆ తర్వాతే మడి కట్టి మంచి నీరు పెట్టాలి. అడుగు లోతు మట్టిలోంచి అడుగు నీరు దిగిపోతే సుమారు 80 శాతం ఉప్పు పోతుంది. జిప్సం లేకుండా నీరు పెడితే ఉప్పు పోయినా సోడియం మిగిలి నేల బిగుసుకుపోతుంది, పాల చౌడు కాస్తా కారు చౌడవుతుంది. చివరగా జీలుగ వేసి కలియదున్నాలి. ఇదంతా ఒక్క పంటకాలంలో తేలే పని కాదు.

మన కోనసీమలో బావులు వరి చేలను, కొబ్బరి తోటలను ఆనుకునే ఉన్నాయి. అక్కడ సముద్రపు పోటుకూ ఉప్పు ఎక్కుతుంది. రేపు ఒక చేను చౌడుబారితే అది సముద్రపు ఉప్పా, బావి ఉప్పా అన్న వాదన తప్పదు. ముందే తీసి ఉంచిన మట్టి నమూనాయే అప్పుడు రైతుకు సాక్ష్యం.

అందుకే మేం అడుగుతున్నాం. బావి తవ్వకముందే చుట్టుపక్కల చేల మట్టిని, నీటిని రైతు ఎదుట పరీక్షించి, ఒక ప్రతి అతని చేతికివ్వాలి. ఉప్పు నీరు ఒలికితే ఆ రోజే ఊరికి తెలపాలి. నేల పాత స్థితికి వచ్చిందని పరీక్షలో తేలేదాకా బాగుచేసే ఖర్చూ, ఆ ఏళ్ల పంట నష్టమూ కంపెనీయే భరించాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఒక పంట డబ్బు తీసుకుని ఇక ఏ బాకీ లేదన్న కాగితంపై సంతకం పెట్టకండి. ముందు మట్టి పరీక్ష అడగండి. పంట ఒక్క ఏడాదిది, నేల మన పిల్లలది.